మిక్కిలి చింతిస్తున్నాను

‘ఆన్‌లైన్ చదువులో విజయం సాధించడం ఎలా? పది సూత్రాలు.’ ఈ శీర్షికతో రెండు రంగుల్లో అచ్చేసిన కాగితం ఒకటి మా వంటింట్లో ఇప్పటికీ ఉంది. కందిపప్పు డబ్బా అడుగున పరిచాను. మంచి దళసరి కాగితం. ఆ పది సూత్రాల వల్ల నాకు కళ్లారా కనిపించిన లాభం ఇంతవరకు ఇదొక్కటే.

నేను బాన్సువాడలో ఒక దూరవిద్యా కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. చిన్న గుమాస్తాగా చేరి, చివరికి సమన్వయకర్త అనే పెద్ద మాట కింద కుర్చీ వేసుకున్నాను. బస్టాండుకు దగ్గర్లో రెండు గదులు, ఒక వరండా, అదే మా కేంద్రం. బీర్కూర్ నుంచి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో వెళ్లేదాన్ని. ముప్పై ఏళ్లకు పైగా అదే దారి, అదే వరి, అదే చెరుకు, అదే కండక్టర్ల విసుగు.

చదువు మొత్తం ఫోన్లోకి వెళ్లాక మీకిక పని తగ్గుతుందమ్మా అన్నారు పైవాళ్లు. తగ్గడమా! పాస్‌వర్డు మరిచిపోయినవాళ్లు, పాఠం ‘ఎగిరిపోయింది’ అని లబోదిబోమనేవాళ్లు, తమ ముఖం కెమెరాలో తలకిందులుగా కనిపిస్తోందని ఫోను తలకిందులు చేసి నాకు చూపించేవాళ్లు, అందరూ మా వరండాలోనే. దాంతోపాటు ఆ పది సూత్రాలు కూడా వచ్చిపడ్డాయి. కొత్త బ్యాచ్ చేరిన ప్రతిసారీ వాటిని పైకి చదివి వినిపించాలని ఆదేశం. చదివే బాధ్యత నాది.

ఇప్పుడు చెప్పేది చిన్నపిల్లలకు పాఠాలు చెప్పడంలో సర్టిఫికెట్ ఇచ్చే ఒక కోర్సు గురించి. ఆ ఏడు ముప్పై మంది దాకా చేరారు. అందులో బిచ్కుంద దారిలోని ఒక తండా నుంచి వచ్చిన ఆయమ్మ ఉంది. అంగన్‌వాడీలో ఆయా. వండుతుంది, ఊడుస్తుంది, పిల్లల ముక్కులు తుడుస్తుంది. ఇంటర్ ఓపెన్లో పాసయింది. అక్కడి టీచరమ్మ రిటైరవుతోంది. ఈ సర్టిఫికెట్ ఒక్కటి ఆవిడ దిగిపోయే నెలాఖరులోగా పెడితే ఆ పోస్టు ఆయాకే వస్తుంది, లేకపోతే బయటివాళ్లకు పోతుంది. మొదటి రోజే నాకు ఈ సంగతి చెప్పింది.

“బయటోళ్లు వస్తే ఏమైతది? వాళ్లు మాత్రం చెప్పరా?” అన్నాను.

“చెప్తరు మేడం, తెలుగుల చెప్తరు. మా పోరగాళ్లకు ఇంట్ల తెలుగు రాదు. ఒక ఏడాది మూగోళ్లలెక్క కూసుంటరు. నేను గూడ గట్లనే కూసున్న చిన్నప్పుడు. నాకెర్క గది ఎట్లుంటదో.”

సరే, నేను సూత్రాలు చదవడం మొదలుపెట్టాను. మొదటి సూత్రం: చదువు కోసం ఇంట్లో ఒక ప్రత్యేకమైన, నిశ్శబ్దమైన గది కేటాయించుకోవాలి. ఆయమ్మ చేయి ఎత్తింది.

“మేడం, గా అర్ర ఎప్పుడిస్తరు?”

కేంద్రం వాళ్లే తలా ఒక గది ఇస్తారనుకుంది పాపం. అందరూ గొల్లున నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. ఇది గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

అదే రోజు ఇంకో ఘనకార్యం కూడా చేశాను. పాఠం కాగితం తలా ఒకటి ఇచ్చి చదవమంటే, ఆమె పెదవులు కదుపుతూ, గొణుక్కుంటూ చదువుతోంది. ఒక వాక్యం గొణుగుతుంది, ఆగుతుంది, మళ్లీ ఏదో గొణుగుతుంది. పక్కవాళ్లు మూడో పేజీలో ఉంటే తను మొదటి పేజీ సగంలో ఉంది. “ఏందమ్మా గా గొణుగుడు, ఒకటో తరగతి పిల్లలెక్క? కండ్లతోటి చదువాలె, నోటితోటి గాదు” అన్నాను. తల ఊపింది. నోరు మూసుకుని కాసేపు కాగితం చూసి, మళ్లీ మొదలుపెట్టింది.

మా దగ్గర కంప్యూటర్ ఆపరేటర్ ఒకడుండేవాడు. పాతబజారు కుర్రాడు, ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు, కోపమొస్తే రెండూ. అతని తెరమీద ప్రతి విద్యార్థి పేరు పక్కన ఒక చుక్క ఉండేది. పచ్చచుక్క అంటే చురుకైన అభ్యాసకులు, ఎర్రచుక్క అంటే మందకొడి. ఆయమ్మకు మొదటి వారంలోనే ఎర్రచుక్క పడింది. పట్నంలో డిగ్రీ చదివి వచ్చిన ఒక అమ్మాయికి మాత్రం మొదటినుంచి పచ్చ. ఆ అమ్మాయి ఎలా చదివేదో తర్వాత తనే నవ్వుతూ చెప్పింది మా ఆపరేటర్‌కు. వీడియోను రెండింతల వేగంలో పెట్టి, మ్యూట్ చేసి, ఫోను చార్జింగులో ఉంచి స్నానానికి వెళ్లేదట. వచ్చేసరికి పాఠం ‘పూర్తయింది’ అని టిక్కు. ప్రత్యేకమైన గది ఉంది కదా, నిశ్శబ్దానికేం లోటు! అడిగితే పాఠంలో ఒక్క ముక్క చెప్పలేదు. అయినా సూత్రాలన్నీ పాటించినట్టే లెక్క.

మా ఎర్రచుక్క సంగతేమిటో చూద్దామని ఒకరోజు బిచ్కుంద బస్సెక్కి ఆ తండాకు వెళ్లాను. మందలించి వద్దామనే వెళ్లాను, దాచేదేముంది. మధ్యాహ్నం అన్నం తిని పిల్లలు చాపల మీద పడుకున్నారు. ఆయమ్మ గోడకానుకుని కూర్చుంది. ఫోను బియ్యం బస్తాకు ఆనించి ఉంది. పాఠం ఒక నిమిషం నడుస్తుంది. ఆపుతుంది. విన్నది తెలుగులో ఒకసారి పైకి అనుకుంటుంది. తర్వాత వాళ్ల భాషలో చెప్పుకుంటుంది. పక్కన ఒక పిల్ల నిద్రపోకుండా కళ్లు మిటకరిస్తుంటే ఆ పిల్లకే చెబుతోంది. పిల్ల ఊ కొడుతోంది. ఆ తర్వాత నోటుపుస్తకంలో తెలుగులో రాస్తోంది.

“గిదేంది, రెండు రెండుసార్లు?” అన్నాను.

“తెలుగుల చదివితే నోట్లెనే ఉంటది మేడం. మా బాసల చెప్పుకుంటే కడుపులకు దిగుతది. మళ్ల పరీక్ష తెలుగుల గద, గందుకని మళ్ల తెలుగుల రాస్త.”

ముప్పై ఏళ్ల సర్వీసులో పాఠాన్ని అంతలా నమిలి మింగినవాళ్లను నేను చూడలేదు. ఆ మాట అప్పుడు ఆమెతో అన్నానా? అనలేదు. “జర జల్ది కానియ్యి, ఎర్రచుక్క పడ్డది నీకు” అని చెప్పి బస్సెక్కి వచ్చేశాను. అధికారం చేతిలో ఉన్నవాళ్లకు మెచ్చుకోవడం అంత తొందరగా రాదు.

పరీక్ష కూడా ఆన్‌లైనే. కెమెరా ముందు కూర్చుని రాయాలి, మనిషి కాపలా ఉండడు, యంత్రమే కాపలా. తండాలో సిగ్నల్ నిలవదు కాబట్టి ఆయమ్మను మా కేంద్రంలోనే, వెనక గదిలో కూర్చోబెట్టాం. లోపల ఆమె, కంప్యూటర్, ఒక కుర్చీ. తలుపుకు బయటనుంచి తాళం నేనే వేశాను. తాళంచెవి నా కొంగు ముడిలోనే ఉంది. పరీక్ష అయ్యేదాకా వరండాలోంచి కదల్లేదు. ఆమె బయటికి వచ్చి, “అన్ని రాసిన మేడం, ఒక్కటి గూడ ఇడిచిపెట్టలే” అంది. ముఖం వెలిగిపోతోంది.

వారం తర్వాత ఫలితాలొచ్చాయి. డిగ్రీ అమ్మాయి ప్రథమ శ్రేణి. ఆయమ్మ పేరు పక్కన ‘నిలిపివేయబడింది’. కింద కారణం: పరీక్ష సమయంలో అభ్యర్థి పెదవులు పదేపదే కదిలాయి, గదిలో మరొక వ్యక్తితో సంభాషించినట్టు అనుమానం, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

ఇక్కడ నా ప్రతిభ వినండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా పెద్ద గుమాస్తాగారు ఒక విద్య నేర్పారు. పైనుంచి ఏ మెమో వచ్చినా, తప్పు మనదైనా కాకపోయినా, జవాబు మొదటి వాక్యం ఒకటే ఉండాలి: ‘జరిగిన పొరపాటుకు మిక్కిలి చింతిస్తున్నాను. ఇకముందు ఇట్టివి పునరావృతం కాకుండా చూసుకొనగలను.’ ఆ తర్వాత ఏం రాసినా ఫరవాలేదు, పైవాళ్లు మొదటి వాక్యం చూసి మెత్తబడి కాగితం ఫైల్లో పెట్టేస్తారు. “వంగినోని వీపు మీద ఎవడూ కొట్టడు బిడ్డా” అనేవారాయన. నిజమే, కొట్టలేదు. హాజరు పట్టికలో సిరా ఒలికితే చింతించాను. పుస్తకాల పార్శిల్ రైల్వేవాళ్లు పోగొడితే నేను చింతించాను. కరెంటు పోయి మైకు పలకకపోతే దానికీ చింతించాను. మా ఆఫీసులో ఎవరూ దాన్ని అబద్ధమనుకోలేదు, నమస్కారం లాంటిదనుకున్నాం.

ఆయమ్మ తరఫున సంజాయిషీ నేనే రాశాను. చేయి దానంతటదే మొదటి వాక్యం రాసేసింది. కింద మాత్రం, అభ్యర్థికి గొణుక్కుంటూ చదివే అలవాటున్నదని ఒక ముక్క చేర్చాను. ఆపరేటర్ టైపు చేస్తూ ఆగాడు.

“మేడం, గీ మొదటి లైను నక్కో, వద్దు. చూసేది మిషనో, ఎవరో. మిషన్‌కు మాఫీ సంగతి ఏం తెలుస్తది?”

“నువ్వు నిన్న వచ్చినవ్ తమ్మీ. నేను గీ కాగితాలతోటే తల నెరుపుకున్న. కొట్టు” అన్నాను.

ఆయమ్మ సంతకం పెట్టబోతూ కాగితం దగ్గరికి తీసుకుని, అలవాటు ప్రకారం గొణుగుతూ చదవడం మొదలుపెట్టింది. మొదటి మాట దాటలేదు. గోడ గడియారం చూశాను, బీర్కూర్ బస్సు వేళయింది. “మళ్ల గొణుగుడా! మామూలు కాగితమే, సంతకం చెయ్యి” అని పెన్ను చేతిలో పెట్టాను. పెట్టింది. నన్ను నమ్మి పెట్టింది. ఆ ఒక్క వాక్యం గొణగనిచ్చి ఉంటే అక్కడే పట్టుకునేది. ఇప్పటికీ ఆ పెన్ను తలుచుకుంటే నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

రెండు రోజుల్లో జవాబొచ్చింది. ‘అభ్యర్థి తన లేఖలో తప్పును అంగీకరించినందున ఫలితం రద్దు చేయడమైనది.’

ఆపరేటర్ అది చదివి నా వైపు చూడకుండా కుర్చీ తిప్పుకున్నాడు. మరునాడు ఆయమ్మ వచ్చింది. చెప్పాను. కాగితం అడిగి తీసుకుని, వరండాలో నిలబడి, తొందరేమీ లేకుండా గొణుగుతూ చివరిదాకా చదివింది. ఈసారి ఆపలేదు నేను.

“నేను తప్పు చేసిన అని రాసిన్రు మీరు” అంది.

“గట్ల కాదమ్మా, అది ఆఫీసు భాష...”

“మీ బాస గూడ నాకు రాదాయె” అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది. తిట్టిపోసినా ఇంత మంట ఉండేది కాదు.

ఇక మా ఆపరేటర్ పట్టుబట్టాడు. రూల్సన్నీ వెతికి, వీడియోలో విచారణ కోరే హక్కుందని కనిపెట్టి, అర్జీ పెట్టాడు. అర్జీలో మొదటి వాక్యం అతనే రాశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. నెలాఖరుకు రెండు రోజుల ముందు విచారణ ఇచ్చారు.

ఆ రోజు మా వెనక గదిలోనే ముగ్గురం కూర్చున్నాం. తెరమీద ముగ్గురు పెద్దలు. ఒకాయన కెమెరా పెట్టలేదు, నల్లటి చతురస్రంగా ఉన్నారు. ఇంకొకావిడ చాలాసేపు మాట్లాడారు గానీ మ్యూట్‌లో ఉన్నారు, మాకు ఒక్క మాట వినపడలేదు. అధ్యక్షుడుగారి వెనక కుక్కర్ విజిల్ వేస్తోంది, ఎవరో కొళాయి కట్టెయ్యమని అరుస్తున్నారు. పది సూత్రాలు రాసింది ఆయనేనట. నిశ్శబ్దమైన గది మీద ఆయనకెంత మక్కువో అప్పుడర్థమైంది, పాపం ఆయనకూ దొరకలేదు!

“మీరు లేఖలో తప్పు ఒప్పుకున్నారు. ఇక విచారణ ఎందుకు?” అన్నారు అధ్యక్షుడుగారు.

“గది నా మాట కాదు సార్” అంది ఆయమ్మ. “గా ‘పునరావృతం’ అనే మాటకు నాకు నోరే తిరగది. సంతకం నాదే. మాట నాది కాదు.”

“మరెవరిది?”

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా నేను నా పాతవిద్య ఏదో ప్రయోగించేదాన్ని. ఆమె తెరవైపే చూస్తూ ఊరుకుంది. నా పేరు చెప్పడం లేదు! అంత జరిగాక కూడా నన్ను కాపాడుతోంది. రిటైర్మెంట్‌కు ఏడు నెలలుంది నాకు. ఆమె నోరు మూసుకుంటే నేను చల్లగా వెళ్లిపోవచ్చు, ఆమె తండాలో వంటపాత్రలు తోముకుంటూ ఉండిపోవచ్చు. సిగ్గేసింది.

“నాది సార్” అన్నాను. “రాసింది నేను. ఆమె ఏ తప్పూ చేయలేదని తెలిసే రాశాను. గదికి తాళం వేసింది నేను, తాళంచెవి నా కొంగుకే ఉంది, లోపల చీమ కూడా లేదు. ఆమె చదవబోతే చదవనివ్వకుండా సంతకం పెట్టించాను.”

“కేంద్రం బాధ్యురాలై ఉండి అబద్ధపు లేఖ రాశారా?”

“ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను సార్. మీరూ పుచ్చుకుంటూనే ఉన్నారు.”

కుక్కర్ ఇంకో విజిల్ వేసింది. అధ్యక్షుడుగారు దగ్గి, “ఏదేమైనా పెదవులు కదపడం నిబంధనకు విరుద్ధం. ఒక్క నిమిషం, ఆ నిబంధన చూస్తాను” అని చేతిలోని కాగితాల్లోకి తలవంచారు. ఇంగ్లీషు నిబంధనలు. వేలు వరస కింద పెట్టుకుని వెతుకుతున్నారు. మా ఆపరేటర్ నా మోచేతిని మెల్లగా పొడిచాడు. చూశాను. అయ్యో రామా!

“సార్” అన్నాను, “మీ పెదవులు కదులుతున్నాయి.”

ఆయన తలెత్తారు. నల్లటి చతురస్రం లోంచి నవ్వు వినబడింది, ఆ మనిషి అందులో ఉన్నాడని మాకు రుజువైంది అప్పుడే. ఆవిడ మ్యూట్ తీసి మొట్టమొదటిసారి వినబడేలా మాట్లాడారు: “అమ్మా, మీరు రాసిన జవాబులు నేను చదివాను. ఏడ్చే పిల్లవాణ్ణి ఊరుకోబెట్టడం గురించి మీరు రాసింది ఏ పాఠంలోనూ లేదు. ఎక్కడిది?”

“గది పాఠంల లేదు మేడం, మా అంగన్‌వాడీల ఉన్నది” అంది ఆయమ్మ. “పాఠంల ఆడించమన్నరు. ముందుగాల వాని బాసల వాని పేరు పెట్టి పిలవాలె. పిలిస్తే గప్పుడు ఆడుతడు.”

ఆ సాయంత్రానికల్లా రద్దు ఎత్తేశారు. మర్నాడు సర్టిఫికెట్ అచ్చుతీసి ఆపరేటరే బండిమీద తీసుకెళ్లి తండాలో ఇచ్చి వచ్చాడు. గడువుకు ఒక్క రోజు ముందు.

నాకు మెమో వచ్చింది, రాకుండా ఉంటుందా! అసత్య లేఖ సమర్పించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు? జవాబు నేనే రాశాను. ‘జరిగిన పొరపాటుకు మిక్కిలి చింతిస్తున్నాను’ అనే మొదలుపెట్టాను. నా సర్వీసులో ఆ వాక్యం నిజంగా చింతించి రాసింది అదొక్కసారే. దానికి మాత్రం పైవాళ్లు మెత్తబడలేదు, సర్వీసు పుస్తకంలో మందలింపు రాశారు. దక్కవలసిందే దక్కింది.

ఆన్‌లైన్ చదువులో నెగ్గడమెలా అని నన్నడిగే పిల్లలారా, మీకు సూత్రాలు నేను చెప్పను. టిక్కులు పడటానికి చదివేవాళ్లకు నా అవసరం లేదు, రెండింతల వేగముంది, స్నానాలగదులున్నాయి. పచ్చచుక్క మీకొస్తుంది. ఆ డిగ్రీ అమ్మాయికీ వచ్చింది, కోర్సు ప్రచార కాగితం మీద ఫోటో కూడా వేశారు. పిల్లల దగ్గరికి మాత్రం ఇంతవరకు వెళ్లలేదని విన్నాను.

నా వీడ్కోలు సభ రోజున పైఆఫీసు నుంచి కొత్త బ్యాచ్ కోసం కాగితాల కట్ట వచ్చింది. ఈసారి మూడు రంగులు. ‘పదకొండు సూత్రాలు’ అని ఉంది. చివరిది కొత్తగా చేర్చారు: ‘పరీక్ష సమయంలో పెదవులు కదపరాదు.’

సభకు ఆయమ్మ వచ్చింది. ఆయమ్మ అనకూడదు, అప్పటికి టీచరమ్మ. ఆ కాగితం ఒకటి తీసుకుని, వరండాలో అందరి మధ్యా నిలబడి, పదకొండో సూత్రం దగ్గర వేలు పెట్టింది. పెదవులు కదుపుతూ తెలుగులో ఒకసారి చదివింది. తర్వాత అలవాటు ప్రకారం వాళ్ల భాషలో ఏదో అనుకుంది. అనుకుని కిసుక్కున నవ్వింది.

“మీ బాసల ఏమన్నవమ్మా?” అని అడిగాను.

“వద్దు తియ్యిండ్రి మేడం” అంది కాగితం మడుస్తూ. “గది తెలుగుల చెప్తే మంచిగుండది.”